ఆశ్రయము విడిచిన వెనుక
శ్రీ కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితము

రాజమహేంద్రవరమున పుట్టి పెరిగినవారికి గోదావరి యెంత పరిచితమో, కందుకూరి వీరేశలింగము పంతులుగారి పేరును అంత పరిచితము. మన పాఠ్యపుస్తకములలో వారు రాజశేఖరచరిత్రమును రచించిన గ్రంథకర్తగాను, ఆంధ్రకవుల చరిత్రమును కూర్చిన పండితులుగాను, వితంతువివాహములు జరిపించిన సంస్కర్తగాను కనబడుచున్నారు. వివాహము జరిగినదని చెప్పి కథ ముగించుట పాఠములయందలి వాడుక. మేళములు ఆగి, పందిరి విప్పిన మఱునాటినుండి ఆ వధూవరులు ఎట్లు బ్రదికిరి? వారి నెవరు పలుకరించిరి? వారి కంటనీరు ఎవరు తుడిచిరి? ఈ ప్రశ్నలను పాఠములు సామాన్యముగా అడుగవు. ఈ వ్యాసమున వానినే పట్టుకొని పంతులుగారి జీవితమును చెప్పదలచితిని. ఏలయన, ఒకరి నీడను పెరిగి, ఆ నీడను విడిచి, ఒంటరిగా లోకములోనికి పోవు పిల్లల మనస్సునకు తోడెవ్వరను విషయము నేటికిని మన ముందు నిలిచియే యున్నది.

పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిల్ నెల 16వ తేదీని రాజమహేంద్రవరమున జన్మించిరి. తండ్రి సుబ్బారాయుడుగారు, తల్లి పూర్ణమ్మగారు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించెను. పెదతండ్రి వెంకటరత్నముగారు బిడ్డను చేరదీసి తన కుమారునివలె పెంచిరి. దేహమా దుర్బలము, ఉబ్బసవ్యాధి చిన్ననాటనుండి వెన్నంటి యుండెను. తండ్రి లేని లోటు ఎట్టిదో, ఆ లోటును తీర్చుటకు మఱియొకరు చేయి చాచినప్పుడు కలుగు ధైర్య మెట్టిదో, వారు పుస్తకములు చదివి నేర్చుకొనవలసిన యవసరము లేకపోయెను. పెదతండ్రి దయ యనునది లేకున్నచో ఆ రోగిష్ఠి బాలుని చదువు ఏమగునో మన మూహింపవచ్చును. తరువాతి కాలమున పరుల పిల్లలకు తామే పెదతండ్రియై నిలిచిన యా పెద్దమనిషి బాల్యము ఇట్లు ప్రారంభమయ్యెను.

1861వ సంవత్సరమున, తమ పదుమూడవ యేట, బాపమ్మగారితో వారికి వివాహమయ్యెను. రాజ్యలక్ష్మమ్మగారని లోక మెఱిగినది ఈమెనే. మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైన పిమ్మట పంతులుగారు ఉపాధ్యాయవృత్తి నవలంబించి, కోరంగిలోను ధవళేశ్వరమునను పనిచేసి, తరువాత రాజమహేంద్రవరమున తెలుగు పండితులైరి. 1874వ సంవత్సరమున వివేకవర్ధని యను పత్రికను స్థాపించిరి. ఆ సంవత్సరమే ధవళేశ్వరమున బాలికల పాఠశాలను తెఱచిరి. ఆడుపిల్లకు అక్షరము నేర్పుట యనర్థమని పెద్దలు తలంచుచుండిన దినములవి. లంచములను, వేశ్యాసంపర్కమును, బాల్యవివాహములను ఆ పత్రిక యెట్లు ఎండగట్టెనో చరిత్ర యెఱిగినవారికి క్రొత్తగా చెప్పనక్కఱలేదు.

ఆ బాల్యవివాహముల ఫలమే బాలవితంతువులు. ఏడెనిమిదేండ్ల ప్రాయమున పెండ్లియైన బాలిక, భర్త మొగమైనను సరిగా ఎఱుగకమునుపే అతడు చనిపోయినచో, బ్రదికినంతకాలము వితంతువే. పుట్టినింటను అత్తవారింటను ఆమెకు కూడు దొరకవచ్చును, గౌరవము దొరకదు. శుభకార్యములకు ఆమె ఎదురుపడరాదు. మంచి బట్ట కట్టరాదు. ప్రాయము వచ్చిన పిదప తల వెండ్రుకలు తీయించుకొనవలెను. భర్త మరణమునకు తన పాపమే కారణమని దినమునకు పదిమారులు విని, తుదకు తానును అట్లే నమ్మును. దేహమునకు తగిలిన దెబ్బ కనబడును. ఈ నమ్మకము కనబడని దెబ్బ. ఇట్టి బాలికను ఆ యింటినుండి తప్పించుట యొక పని. ఆమె మనస్సునుండి ఆ నమ్మకమును తప్పించుట మఱియొక పని. రెండవది మొదటిదానికంటె కష్టమని పంతులుగారు అనుభవముమీద తెలిసికొనిరి.

వితంతువునకు మరల వివాహము చేయుటకు 1856వ సంవత్సరమునందే చట్టము అనుమతి నిచ్చియుండెను. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ఆ చట్టమునకై పాటుపడి, ఆ సంవత్సరమే కలకత్తాలో మొదటి వివాహమును జరిపించెను. గోదావరి తీరమున మాత్ర మా చట్టము ఇరువదియైదేండ్లు కాగితముమీదనే యుండెను. పంతులుగారు 1879వ సంవత్సరము ఆగస్టు నెలలో వితంతువివాహము శాస్త్రసమ్మతమని రాజమహేంద్రవరమున బహిరంగముగా నుపన్యసించిరి. పండితులు ఎదురు సభలు చేసిరి, ఎదురు గ్రంథములు వ్రాసిరి. పంతులుగారు ప్రతివాదమునకు ప్రతివాదము చెప్పుచునే, వివాహములు జరిపించుటకు ఒక సమాజమును ఏర్పఱచిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు వేలకొలది రూపాయలు ధర్మమిచ్చి యా సమాజమునకు వెన్నెముకయైరి. ఆత్మూరి లక్ష్మీనరసింహముగారు, బసవరాజు గవర్రాజుగారు మొదలైన మిత్రులు తోడ్పడిరి.

1881వ సంవత్సరము డిసెంబరు నెల 11వ తేదీని పంతులుగారి యింట మొదటి వివాహము జరిగెను. వరుడు గోగులపాటి శ్రీరాములుగారు. వధువు కృష్ణా మండలమందలి తిరువూరు ప్రాంతమునుండి రహస్యముగా తీసికొని రాబడిన గౌరమ్మ యను బాలవితంతువు. ఊరంతయు అట్టుడికినట్లుడికెను. పోలీసువారు కాపలా నిలిచిరి. కళాశాల విద్యార్థులు పంతులుగారి చుట్టును కోటవలె నిలువబడి, వధూవరులకు ఆపద రాకుండ కాపాడిరి. విద్యార్థులారా, ఆ రాత్రి ఆ వాకిట నిలిచినవారు మీ యీడువారే యని జ్ఞప్తియందుంచుకొనుడు. నాలుగు దినములకు, అనగా డిసెంబరు 15వ తేదీని, రెండవ వివాహమును జరిగెను.

తరువాత కథ మొదలయ్యెను. పీఠాధిపతులు బహిష్కార పత్రములు పంపిరి. వివాహమునకు వచ్చి విందారగించిన పెద్దమనుష్యులలో పలువురు వెఱచి ప్రాయశ్చిత్తములు చేయించుకొనిరి. పంతులుగారి యింటికి వంటమనిషి రాడు. నీళ్లు తెచ్చు మనిషి రాడు. పురోహితుడు గుమ్మము తొక్కడు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మగారు తామే కడవ చంకనుంచుకొని గోదావరికి పోయి నీళ్లు తెచ్చిరి. తామే పొయ్యి రాజేసి, ఆ క్రొత్త దంపతులకును, సాయము వచ్చినవారికిని వండి వడ్డించిరి. పంతులుగారి యుపన్యాసములకు ఊరివారు చెవులు మూసికొనవచ్చును. నీళ్లబిందెతో వీథివెంట నడచిపోవు ఇల్లాలిని చూడకుండుట వారికి సాధ్యము కాలేదు.

ఇక ఆ దంపతుల మాట. వివాహమైన వెంటనే వారికి పుట్టినిల్లు పోయినది, బంధువర్గము పోయినది, కులముకట్టు పోయినది. పండుగ వచ్చిన పిలుచువారు లేరు. జబ్బు చేసిన తొంగిచూచువారు లేరు. వరుడు విద్యార్థియైనచో చదువునకు ధనము పంపు తండ్రి చేయి ముడుచుకొనును. ఉద్యోగియైనచో తోటివారు ప్రక్కన కూర్చుండరు. వధువు సంగతి మఱియు దుర్భరము. ఇంతకాలము ఏడ్పించిన యిల్లైనను అది ఆమె యెఱిగిన యిల్లు. ఇప్పుడు ఎఱుగని యూరు, ఎఱుగని భర్త, ఎఱుగని బ్రదుకు. తాను చేసినది పుణ్యమో పాపమో యను సంశయము రాత్రివేళ నిదుర పట్టనీయదు. వివాహము వలన వైధవ్యము తొలగును. అనాథత్వము మాత్రము తొలగదు. అది తొలగవలెనన్న మనుష్యులు కావలెను.

ఈ సంగతిని గ్రహించిన దంపతులు పంతులుగారు, రాజ్యలక్ష్మమ్మగారు. సమాజము ధనముతో ఆ క్రొత్త కాపురములకు వలసిన యిండ్లు చూచిరి; నెలవారి వెచ్చములకు సాయపడిరి; చదువుకొనువారి చదువు సాగించిరి; ఉద్యోగములకై పరిచితులకు జాబులు వ్రాసిరి. ఇదంతయు పంతులుగారి పని. ధనముతో కాని పని రాజ్యలక్ష్మమ్మగారిది. వారికి స్వంతబిడ్డలు కలుగలేదు. వివాహములాడిన యా బాలికలకు ఆమెయే తల్లియైనది. ఆ యింటి తలుపు తమకు ఎప్పుడును తెఱచియుండునని వారెఱుగుదురు. పుట్టినిల్లు లేని యాడుపిల్లకు పురుటివేళ భయము ఎంతటిదో పెద్దలెఱుగుదురు. అట్టి వేళల రాజ్యలక్ష్మమ్మగారే దగ్గఱ కూర్చుండి పురుళ్లు పోసిరి. నేటి వైద్యులు మనస్సునకు చేయు చికిత్సను గూర్చి చెప్పు సూత్రములు ఆమె యెఱుగదు. భయపడిన పిల్లకు ఒక నమ్మకమైన మనిషి, ఒక మారని చోటు, ఒక వినెడి చెవి కావలెనను మూడు సంగతులు మాత్ర మామె యెఱుగును. ఆ మూడును ఆమె యొద్ద నుండెను.

పంతులుగారి జీవితకాలమున ఇట్టి వివాహములు నలుబది వఱకు జరిగినవి. అన్నియు సుఖాంతములని చెప్పుట సత్యమునకు విరుద్ధము. కొందఱు సమాజముమీదనే ఆధారపడి, తమ కాళ్లమీద తాము నిలుచుటకు ప్రయత్నింపరైరి. కొందఱికి ఎంత యిచ్చినను తక్కువగానే తోచెను. మేలు పొందినవారిలో కొందఱి నడత తమకు మనఃక్లేశము కలిగించినదని పంతులుగారు తమ స్వీయచరిత్రమున దాచక వ్రాసికొనిరి. వంగదేశమున విద్యాసాగరునికిని ఇదే యనుభవము. వితంతువివాహములకై ఆయన అప్పులపాలై, మేలు పొందినవారి కృతఘ్నతకు నొచ్చుకొనెను. పంతులుగారికి దక్షిణదేశ విద్యాసాగరుడను బిరుదు వచ్చినది. కష్టములయందును ఆ పోలిక సరిపోయినది.

అయినను ఆ యువజనులను కృతఘ్నులని త్రోసివేయుటకు ముందు మనము కొంచెము నిలిచి యోచింపవలెను. చిన్ననాటనుండి అవమానము తప్ప మఱేమియు నెఱుగని మనస్సు ఒక్కనాట నిబ్బరము తెచ్చుకొనలేదు. తోడు నిలిచిన చేతినే అనుమానించుట, ఇచ్చినదానిని మరల మరల అడిగి చూచుట, కారణము లేక అలుగుట, ఇవి దుర్గుణములవలె కనబడును. తఱచుగా ఇవి పాతగాయముల మచ్చలు. ఈ కాలమున మనస్తత్వశాస్త్రజ్ఞులు ఈ విషయమును విశదముగా చెప్పుచున్నారు. ఆ కాలమున చెప్పువారు లేరు. పంతులుగారు నొచ్చుకొనిరి, కోపపడిరి. కాని పని మానలేదు. వారి గొప్పతనము అందున్నదని నా యభిప్రాయము.

పని మానకపోవుటయే కాదు, పని తీరును దిద్దుకొనిరి. వివాహమును మాత్రమే గమ్యముగా నుంచుకొన్న ప్రయత్నమునకు క్రమముగా విద్య తోడయ్యెను. స్త్రీలకొఱకు 1883వ సంవత్సరమున సతీహితబోధిని యను పత్రికను నడపిరి. పందొమ్మిదవ శతాబ్దము చివరి యేండ్లలో చెన్నపట్టణమునకు కాపురము మార్చిన పిమ్మట అచ్చట వితంతుశరణాలయమును తెఱచిరి. తరువాత రాజమహేంద్రవరమునను అట్టి శరణాలయము వెలసెను. అదే కాలమున మహారాష్ట్రమునందు పండిత రమాబాయిగారు 1889వ సంవత్సరమున శారదాసదనమును, ధోండో కేశవ కార్వేగారు 1896వ సంవత్సరమున వితంతువుల యాశ్రమమును స్థాపించియుండిరి. ఈ ముగ్గురి మార్గములు వేఱైనను ఒక్కచోట కలిసినవి. ఆశ్రయము పొందిన పిల్ల దానిని విడుచునాటికి చదువును, చేతిపనియో వృత్తియో, తన్ను గూర్చి తనకు గౌరవమును ఉండవలెను. అన్నము పెట్టి వెలుపలికి పంపినచో ఆశ్రయము సగము పనియే చేసినది.

చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలయందు తెలుగు పండితులుగా నుండి, ఉద్యోగము చాలించుకొని, పంతులుగారు మరల తమ యూరు చేరిరి. తమ యావదాస్తిని హితకారిణీ సమాజమునకు వ్రాసియిచ్చిరి. ఒక మనిషి యిష్టముమీద నడచు దానము ఆ మనిషితో ముగియును. సమాజముగా నేర్పడినది తరువాతి తరమువారికి మిగులును. అంతకు ముందే, 1890వ సంవత్సరమున, తమ ధనముతో ఊరికి పురమందిరమును కట్టించి యిచ్చియుండిరి. తమ్ము వెలివేసిన యూరికే సభ చేసికొనుటకు ఇల్లు కట్టించి యిచ్చుట సామాన్యమైన మనస్సునకు సాధ్యమగు పని కాదు. నేటికిని రాజమహేంద్రవరమున వారి పేరను, రాజ్యలక్ష్మమ్మగారి పేరను విద్యాలయములు ఉన్నవి. వారి యిల్లు ప్రదర్శనశాలగా కాపాడబడుచున్నది.

1910వ సంవత్సరము ఆగస్టు నెలలో రాజ్యలక్ష్మమ్మగారు కాలధర్మము నొందిరి. దాదాపు ఏబదియేండ్ల సహవాసము ముగిసినది. ఎందఱో తల్లిలేని పిల్లలకు తల్లియైన యిల్లాలు పోగా, ఆ యింటికి వచ్చిపోవు వారికందఱికిని పుట్టినిల్లు పోయినట్లయ్యెను. పంతులుగారికి ఇది మాన్పరాని గాయము. వారు వ్రాతపనియందు మనస్సు నిలుపుకొనిరి. స్వీయచరిత్రము మొదటి భాగము 1911వ సంవత్సరమునను, రెండవ భాగము 1915వ సంవత్సరమునను వెలువడినవి. తమ బలహీనతలను, భయములను, కలహములను దాచక వ్రాసిన గ్రంథమది. దుఃఖమును లోపల పూడ్చిపెట్టక అక్షరములలో పెట్టి చూచుకొనుట ఆ వృద్ధునకు ఊఱట నిచ్చియుండును. 1919వ సంవత్సరము మే నెల 27వ తేదీని, చెన్నపట్టణమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యింట, కవుల చరిత్రమును సంస్కరించుచుండగనే వారు దేహము చాలించిరి.

ఈ జీవితమునుండి మన కాలమునకు అన్వయించుకొనవలసిన దేమి? నేడు బాలవితంతువుల గోడు చాల వఱకు గతించినది. కాని తల్లిదండ్రులు లేకయో, ఉన్నను పోషింపలేకయో శరణాలయములలో పెరుగు పిల్లలు మన గోదావరి మండలములలోను ఉన్నారు. పదునెనిమిదేండ్లు నిండగానే వారు ఆ గడప దాటవలెను. ఇంటియందు పెరిగిన పిల్లవాడు పదునెనిమిదవ యేట కళాశాలకు పోయి, సెలవులకు ఇల్లు చేరును. పరీక్ష తప్పినచో అమ్మ యొడిలో తల పెట్టుకొని యేడ్చును. శరణాలయము విడిచినవాడు సెలవులకు ఎచ్చటికి పోవును? మొదటి జీతము ఎవరి చేతిలో పెట్టును? జ్వరము వచ్చిన రాత్రి ఎవరిని పిలుచును? అద్దెయిల్లు అడుగబోయిన నీ పెద్దలెవ్వరని ప్రశ్నింతురు. గౌరమ్మ మొదలగువారు 1881వ సంవత్సరమున ఎదుర్కొన్న శూన్యమునకు దగ్గఱి చుట్టమే ఈ శూన్యము.

ఈ లోటును ప్రభుత్వమును గుర్తించినది. 2015వ సంవత్సరపు బాలన్యాయచట్టము, శరణాలయమును విడుచు యువజనులకు ధనసాయము నిమ్మని చెప్పుచున్నది. 2016వ సంవత్సరపు నిబంధనలు ఇరువదియొక యేండ్ల వఱకును, విశేషావసరము కలిగినచో మఱి రెండేండ్లును, వసతి, విద్య, వృత్తిశిక్షణము, మనోధైర్యము చెప్పు నిపుణుల సాయము చూపవలెనని విధించుచున్నవి. మనస్సు క్రుంగినవారు ఎవరైనను, ఏ వేళనైనను, రుసుము లేకుండ 14416 అను సంఖ్యకు టెలిఫోను చేసి తెలుగులోనే తమ బాధ చెప్పుకొనుటకు 2022వ సంవత్సరమునుండి టెలి మానస్ అను ఏర్పాటును జరిగినది. ఇవి పంతులుగారి సమాజ ధనమువంటివి, మిక్కిలి యవసరములు. కాని రాజ్యలక్ష్మమ్మగారి నీళ్లబిందెను ఏ చట్టమును మోయలేదు. అది మనుష్యులే మోయవలెను.

కావున విద్యార్థులారా, మీ తరగతియందు శరణాలయమునుండియో వసతిగృహమునుండియో వచ్చి చదువుకొను సహాధ్యాయులుండిన, పాఠశాల విడిచిన తరువాతను వారిని మఱవకుడు. పండుగనాడు మీ యింటికి పిలువుడు. నెల కొకసారి క్షేమ మడుగుడు. జాలితో పలుకరింపవలదు, జాలి గాయమును జ్ఞప్తికి తెచ్చును. స్నేహముతో పలుకరింపుడు. అతడు అలిగినను, అనుమానించినను, నాలుగు దినములు మాటలాడకున్నను, తలుపు మాత్రము మూయకుడు. అతడు నిదుర మాని, అన్నము మాని, బ్రదుకుమీద ఆశ వదలిన మాటలు పలికినచో, దానిని రహస్యముగా నుంచక వెంటనే పెద్దలకు తెలుపుడు. వైద్యుని యొద్దకు తోడు పొండు. మనోవ్యాధి సిగ్గుపడవలసినది కాదు, చికిత్సకు లొంగునది.

ఆశ్రయము విడువబోవు తమ్ములారా, చెల్లెండ్లారా, మీకును ఒక మాట. సాయము అడుగుట చేతగానితనము కాదు. నాలుగేండ్లకే తండ్రిని పోగొట్టుకొని, ఉబ్బసముతో రొప్పుచు, పెదతండ్రి చేయి పట్టుకొని నడచిన బాలుడు తరువాత ఎందఱికో చేయి యందించెను. ఒకరి చేయి పట్టుకొని నడచినవారికే మఱియొకరికి చేయి యిచ్చుట బాగుగా తెలియును. మీ యొద్దకును అట్టి యొక పిల్ల, అట్టి యొక పిల్లవాడు ఒకనాడు వచ్చి నిలుతురు. ఆనాడు తలుపు తీయుడు.